పైకి చూసే చేప

దూలయ్య చేసిన చెక్క చేపకు మొట్టమొదట చిక్కింది మా బడి లెక్కల టీచరు కళావతిగారి చీర కొంగు. వానాకాలం, సోమవారం ఉదయం, పాల్వంచ నుంచి బూర్గంపాడు పోయే బస్సు. చేప నా చొక్కా జేబులో ఉంది. కళావతిగారు నా ముందు సీట్లో ఉన్నారు. డ్రైవరు గేదెను తప్పించబోయి బ్రేకు వేశాడు. నేను ముందుకు వంగాను. చేప కడుపుకున్న గాలం జేబులోంచి బయటికి వచ్చి, తన పని తాను చేసింది. ఆవిడ వెనక్కి వాలారు. ఆవిడ కొంగుకూ సీటుకూ మధ్య చేప బూర్గంపాడు దాకా ప్రయాణం చేసింది.

దిగేటప్పుడు కండక్టరు, "సారూ, మేడం కొంగు నీతోనే వస్తున్నది," అన్నాడు, బస్సంతా వినేలా.

గాలాన్ని నెమ్మదిగా విప్పాం. చేప మాత్రం వదల్లేదు. మీద పూసిన వార్నిష్ ఇంకా ఆరలేదు. గట్టిగా లాగితే వచ్చింది గానీ, దాని ఎడమ కన్ను చీర మీదే ఉండిపోయింది. తెల్లటి గుండ్రం, అందులో నల్లచుక్క, కొంచెం పైకి చూస్తూ.

"ఇది నన్నే చూస్తోందండీ," అన్నారు కళావతిగారు. "మా ఆయన అడిగితే ఎవరి కన్నని చెప్పమంటారు?"

నేను ఆ బడిలో గుమాస్తాను. ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే అధికారం నాకు లేదు.

సాయంత్రం ఇంట్లో ఇంకో విచారణ. మా ఆవిడ ప్రమీల నా జేబుకు అంటిన మరకను గోరుతో గీకి, వాసన చూసి, "ఇది గోళ్ళ రంగు కదా?" అంది. మగవాడి జేబులోకి గోళ్ళ రంగు ఎలా వచ్చిందో చెప్పడానికి అన్నం చల్లారిపోయేంత సేపు పట్టింది. నమ్మిందో లేదో తెలియదు గానీ, గోళ్ళ రంగు తుడిచే మందు తెచ్చి జేబునూ చేపనూ కలిపి తుడిచేసింది. చేపకు మిగిలిన కుడి కన్ను, పొలుసులు, ఎర్రటి రెక్కలు అన్నీ పోయాయి. చేతిలో ఉత్త చెక్క మిగిలింది.

దూలయ్యది పాల్వంచ దాటాక అడవి అంచున, వాగు పక్కనున్న ఊరు. చిన్నప్పుడు తునికాకు కోశాడు. పెద్దయ్యాక కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద గొట్టాలకు రంగులు వేశాడు. ఎత్తు మీంచి పడి మోకాలు చెడ్డాక ఇంటికి వచ్చేశాడు. ఒకనాడు వాగు ఒడ్డున తుమ్మకొమ్మకు చిక్కుకున్న ప్లాస్టిక్ చేప ఒకటి దొరికింది. ఎవరో ఫ్యాక్టరీ కాలనీ వాళ్ళు విసిరింది. ఎర గుచ్చక్కర్లేదు, విసిరి లాగుతుంటే కొర్రమీను దాన్ని నిజం చేప అనుకుని మింగుతుంది. దూలయ్య దాన్ని చూస్తూ బూరుగు చెక్కతో అలాంటిదే చెక్కాడు. దూరం పడడానికి కడుపులో సీసం ముక్క పెట్టాడు.

రంగులు అతని భార్య పుల్లమ్మ వేసేది. ఉల్లిగడ్డల సంచి వలను చెక్క మీద బిగించి, పైన రంగు అద్ది తీస్తే పొలుసులు వచ్చేవి. ఫ్యాక్టరీ రంగు డబ్బాలు అడుగంటాక భద్రాచలం ఉత్సవాలకు వెళ్ళినప్పుడు గోళ్ళ రంగు సీసాలు కొనుక్కొచ్చింది. కన్ను మాత్రం అన్నిటికన్నా చివర. ముందు చేపను లోతైన తాంబాళంలోని నీళ్ళలో వదిలి, ఎటు ఒరుగుతుందో చూసి, తీసి తుడిచి, చీపురుపుల్లతో నల్లచుక్కను కాస్త పైకి పెట్టేది.

"కరెంటు ఎప్పుడొస్తదా అని ఫ్యాను దిక్కు చూస్తున్నట్టున్నది," అని దూలయ్య వెక్కిరించేవాడు.

"నీళ్ళల్ల ఉన్నది పైకి చూడకుంటే కొంగ ఎత్తుకపోతది. నీకేం తెలుసు?" అనేది ఆమె.

మీద వార్నిష్ పూత దూలయ్య పని. అందులో అతనికి ఓపిక లేదు. నేను చేప కొన్న ఆదివారం కూడా ఇద్దరికీ అదే తగువు.

"పొద్దుగాల్నే పూసిన. ఆరింది, తీస్కపో సారూ," అన్నాడతను.

"ఆరలే. ఇంక రెండొద్దులు ఉండనియ్యి సారూ," అంది పుల్లమ్మ. "ఈయనకు ఆరుడంటే ఏందో తెల్వదు. మా పెండ్లినాడు గోడకు సున్నం ఆరకముందే ఆనుకొని కూసున్నడు. ఆ అంగీ ఇంక అట్లనే ఉన్నది, చూపియ్యాల్నా?"

నేను నవ్వి, దూలయ్య మాటే విన్నాను.

తర్వాత వానలు ముదిరాయి. దసరా దాటాక గానీ మళ్ళీ దూలయ్య ఊరికి వెళ్ళడం నాకు వీలు కాలేదు. ఫిర్యాదును దారంతా నెమరువేసుకుంటూ వెళ్ళాను. కొంగు దగ్గర మొదలుపెట్టాలా, జేబు దగ్గరా అన్నదే మిగిలింది.

దూలయ్య ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూరు కింద తీగకు చేపలు వేలాడుతున్నాయి. నేను అలవాటుగా లోపలికి తొంగిచూసి, "పుల్లమ్మ లేదా?" అన్నాను.

"పోయింది సారూ. వాగు పొంగినప్పుడు జ్వరమొచ్చింది. వాగు దిగినంక దవాఖానకు తీస్కపోయినం."

అంతే చెప్పాడు. నేను కూర్చున్నాను. చూరు కిందికి చూశాను. ఆ చేపలకు కళ్ళు లేవు. తెలుపూ నలుపూ కలిసి బూడిద రంగు చారలుగా కిందికి జారి ఉన్నాయి.

"ఆమె రంగులేసి పెట్టినవి," అన్నాడు. "ఖరాబు కావద్దని అన్నిటికీ ఒక్కసారే పూసిన. జల్దీ ఆరే వార్నిష్ కావాలని దుకాణంల నేనే అడిగి తెచ్చుకున్న. జల్దీనే ఆరింది సారూ. పూస్తుంటేనే కండ్లు కరిగినయ్. అండ్లున్న థిన్నర్ గోళ్ళ రంగును తింటదని నాకు తెల్వదా? బతుకంతా రంగుల పనే చేసిన. అప్పుడు యాదికి రాలే."

నా జేబు వైపు చూసి, "నీ దగ్గరున్నది తెచ్చినవా?" అన్నాడు.

జేబులోంచి ఉత్త చెక్క తీసి ఇచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నేను బస్సు సంగతి చెప్పాను. గేదె, బ్రేకు, కండక్టరు, కొంగుకు అంటిన కన్ను అన్నీ చెప్పాను. అతను నవ్వలేదు.

"కన్ను ఇంక ఉన్నదా?"

"ఉంది. ఎన్నిసార్లు ఉతికినా పోవడం లేదట."

"పోదు," అన్నాడు దూలయ్య. నేను వచ్చినప్పటి నుంచీ అతని గొంతు లేవడం అదే మొదటిసారి. "బట్టకు పడితే పోదు సారూ. ఆ ముక్క ఇస్తదా టీచరమ్మ?"

మర్నాడు స్టాఫ్‌రూంలో, అందరూ టీ తాగుతుండగా, "కళావతిగారూ, మీ కొంగు కొంచెం కావాలి," అన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాడు ఎప్పుడూ తప్పు చివర నుంచే మొదలుపెడతాడు. టీ గ్లాసులన్నీ ఆగిపోయాయి. మిగతాది గబగబా చెప్పాను. పుల్లమ్మ మాట వచ్చేసరికి ఆవిడ గ్లాసు కింద పెట్టారు.

"పల్చటి చీరండీ, మా అక్క పెట్టింది," అన్నారు. మరునాడు ఆ చీర తెచ్చి, చార్టులు కత్తిరించే కత్తెరతో కొంగు మూల తానే కోసి, కాయితంలో మడిచి ఇచ్చారు. "నేనూ వస్తాను. నా కొంగు ఏమవుతుందో చూడాలి కదా."

ముక్క చేతికి అందినా దూలయ్య ఈసారి తొందరపడలేదు. కన్నున్న ముక్కను ముట్టుకోకుండా, ఏ పూత కింద కన్ను చెదరదో చూడడానికి దాని పక్క నుంచి పీలికలు కోశాడు. పుల్లమ్మ సీసాల అడుగున మిగిలిన రంగుతో, ఆమె చీపురుపుల్లతోనే ఒక్కో పీలిక మీద ఒక్కో చుక్క పెట్టాడు. అవి వంకరగా వచ్చాయి. ఎండాక ఒక్కోదాన్ని ఒక్కో చెక్క ముక్కకు అంటించి ఒక్కో రకం పూత పూశాడు. పాత వార్నిష్ పసుపుపచ్చగా తిరిగి, వేలికి అంటుకుంటూనే ఉంది. అడవి లక్కను స్పిరిట్‌లో కరిగించి పూసింది బాగా మెరిసింది గానీ, నీళ్ళలో వేస్తే తెల్లగా పాలిపోయింది. జల్దీ ఆరే డబ్బా మూత కూడా తియ్యలేదు.

చివరికి మిగిలింది ఫ్యాక్టరీలో నేలకు పూసే రెండు డబ్బాల మందు. రెండూ కలిపి పూస్తే గాజులా గట్టిపడుతుంది. బాగా ఆలస్యంగా ఆరుతుందని దూలయ్య దాన్ని ఎప్పుడూ దగ్గరికి రానివ్వలేదు. దాని కింద చుక్క చెదరలేదు. తడిసిన బట్ట నేత కరిగినట్టు మాయమై, చుక్క ఒక్కటే చెక్క మీద నిలిచింది.

"పల్చగ పూస్తే నేత కనబడతది. మందంగ పూస్తే బరువైతది," అన్నాడు నాతో. ఏది కావాలో నన్ను అడగలేదు.

నేనిచ్చిన ఉత్త చెక్కకే ఆ కన్ను పెట్టాడు. రెండో వైపు కన్ను వెయ్యలేదు. పూత మీద పూత, మధ్యలో రోజుల తరబడి ఎదురుచూపు. నేను వెళ్ళినప్పుడల్లా, "ఆరిందా?" అంటే, "ఆరలే," అనేవాడు. పుల్లమ్మ గొంతులోని విసుగుతోనే అనేవాడు.

ఆరిందని కబురు పంపిన ఆదివారం కళావతిగారూ నేనూ వెళ్ళాం. తాంబాళంలో నీళ్ళు పోసి ఉన్నాయి. దూలయ్య చేపను రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లకు నీళ్ళు పోసేటప్పుడు దించినట్టు దించి, వదిలాడు. అది ఒక్క క్షణం తేలింది. తర్వాత మెల్లగా గుడ్డి వైపుకు ఒరిగి, అడుక్కి చేరింది.

దూలయ్య తియ్యడానికి చెయ్యి పెట్టలేదు. ముగ్గురం తాంబాళం మీదికి వంగి చూశాం. లోపలి నుంచి ఒక కన్ను చూస్తోంది.

కళావతిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడకు ఏడుపు వస్తే కోపంలా మాట్లాడతారు.

"ఏంటయ్యా ఇది? బంగారం లాంటి చీర కోసిస్తే మునిగే చేపను చేశావా? దీనికి కొర్రమీను కాదు కదా, కప్ప కూడా పడదు!"

"మునగనియ్యమ్మా, పైకే చూస్తున్నది గదా."