కూతురి కొలతల పేజీ

గోడ అవతల కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. నాలుగు కుట్లు, నిశ్శబ్దం. మళ్లీ నాలుగు కుట్లు. నేను తలుపు తోసేసరికి పక్కింటామె సూది కింద నీలం గుడ్డ పట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఆ వీధిలో బడిపిల్లల యూనిఫారాలన్నీ ఆమె కుట్టినవే.

"కూర్చో అక్కా. నీ కోటుకి జిప్పు వేసేశాను."

గదిలో వెలుగు కూడా ఇస్త్రీ చేసినట్టు చదునుగా పడి ఉంది. పక్కగదిలో ఎనిమిదేళ్ల కూతురు దుప్పటి కప్పుకుని పడుకుంది. పోయిన వారం పిల్లకు బడిలోనే నెలసరి మొదలైంది. టీచరు ఫోన్ చేస్తే, ఎక్కడో పడి దెబ్బ తగిలించుకుందనుకుని ఈమె పరుగెత్తిందట. ఆ రోజు నుంచే పిల్లను పరుగుపందెంలోంచి తప్పించారట. ఇదంతా గుడ్డ రంగు గురించి చెబుతున్నట్టు చెప్పింది.

ఏడాదిగా పిల్ల గబగబా పొడుగైంది. మొహాన మొటిమలు, పెద్దవాళ్లలా చెమట వాసన. "ఏం ఎరువేస్తున్నావే దీనికి? నా పోలికే, తాడిచెట్టులా లేస్తోంది!" అని అత్తగారు మురిసిపోయేది. ఈమె కూడా నవ్వేది. గౌను పొట్టయినప్పుడల్లా కొలిచి, అంచు మడత విప్పి, పుస్తకంలో తేదీ వేసి రాసుకునేది. ఏ పిల్లకైనా అంతే.

"ఎప్పట్నుంచి ఇలా?" అని డాక్టరమ్మ అడిగితే ఆ పేజీయే తెరిచి పెట్టింది. పద్నాలుగు నెలల్లో ఐదు కొలతలు. డాక్టరమ్మ వేలు రెండో వరుస దగ్గరే ఆగింది.

"అప్పుడే తీసుకురావాల్సిందమ్మా."

చేతి ఎక్స్‌రేలో ఎముకల వయసు పదకొండు దాటింది. వదిలేస్తే ఎదుగుదల తొందరగా ఆగిపోతుంది. క్లాసులో అందరికంటే పొడుగు పిల్ల చివరికి అందరికంటే పొట్టిగా మిగులుతుంది. వయసుకు ముందే వచ్చిన ఈ మార్పుల్ని నెలనెలా ఇంజెక్షన్‌తో ఆపి చూడొచ్చు. ఆలస్యమైంది కాబట్టి ఎంత ఫలిస్తుందో చెప్పలేమంది.

"నా చేత్తోనే రాశానక్కా. ఒక్కసారీ చదవలేదు."

వంటగదిలోంచి అత్తగారు అందుకుంది. "ముందో వెనకో ఎప్పటికైనా వచ్చేదేగా! దానికి సూదులెందుకే?"

"నిన్ననే దానికి పాలపన్ను ఊడిందత్తా."

ఆమె దారం తెంపి కోటు నా చేతికిచ్చింది. ఏం చేద్దామనుకుంటున్నావని అడిగాను.

"రేపే మొదటి ఇంజెక్షన్. నొప్పి పెడుతుందా అని అడుగుతుందనుకున్నా. 'అది వేయించుకుంటే మళ్లీ పరుగుపందెంలో చేర్చుకుంటారా?' అంది. ఊ అన్నాను. ఇప్పుడే నిద్రపట్టింది దానికి. తలుపు కాస్త మెల్లగా వేసి వెళ్లక్కా."