బల్లెం మొన ఆగినచోట

మొన్న ఆదివారం కాలేజీ నుంచి ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటికి వచ్చిన మనవరాలు, "అమ్మమ్మా, లుక్, ఇది మా క్లాస్‌లో చూపించారు, సో కూల్!" అంటూ ఫోను నా ముందు పెట్టింది. పూర్వం పారశీకులు కొండరాతి మీద చెక్కించుకున్న గుర్రపురౌతుల యుద్ధానికి సిరాతో గీసిన నకలు బొమ్మ అది. గీసినదాన్ని నేనే. బల్లెం మొన దగ్గర గీత కాస్త లావుగా ఉంటుంది. చూడగానే గుర్తుపట్టాను.

మావారు కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేరిన తొలిరోజుల్లో, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఒక యూనివర్సిటీ మ్యూజియంలో బొమ్మలు గీసే ఉద్యోగంలో చేరాను. ఫొటో మీద పల్చని ట్రేసింగ్ కాగితం పరచి, రాతిమీద కనిపించే ప్రతి గీతనీ సన్నపాళీతో దించాలి. ఉన్నది వదలకూడదు, లేనిది కలపకూడదు. ఆ నియమం పెట్టిన ప్రొఫెసరమ్మ మహా కచ్చితం మనిషి, నేనూ తక్కువదాన్నేం కాదు కనుక మా ఇద్దరికీ బాగానే పడేది.

ఆ బొమ్మ నా చేతికి వచ్చేసరికి నాకు ఏడో నెల. ఇండియాలో సరిహద్దు మీద యుద్ధం, మా తమ్ముడు సైన్యంలో, వాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి నెల దాటింది. గుర్రాలూ కవచాలూ చకచకా గీశాను గానీ, పారశీక రాజు బల్లెం శత్రువు రొమ్మును తాకేచోట చెయ్యి ముందుకు సాగలేదు. సైన్సు చదివినదాన్నే, అయినా తథాస్తు దేవతలు అమెరికాలో ఉండరని ఎవరు చెప్పారు? గోరంత దూరంలో మొన ఆపేసి, పూర్తయిందని ఇచ్చేశాను. "బొమ్మ గీస్తే ప్రాణాలు పోతాయిటే, నీ చాదస్తం గానీ!" అని మావారు నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకున్నారు.

మర్నాడు బొమ్మ పుస్తకంలో వెయ్యడానికి ప్రెస్సుకి వెళ్ళాలనగా ప్రొఫెసరమ్మ దాన్ని ఫొటో పక్కన పెట్టి చూసింది. కోప్పడలేదు. రాతిలో మొన రొమ్ములోకి దిగి ఉందని వేలితో చూపించి, నువ్వు కలపకపోతే ఇంకొకరిచేత కలిపిస్తానంది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆ గీత గీస్తారంటే ఇంకా భయమేసింది. కడుపులో బిడ్డ కదులుతూంటే, తమ్ముణ్ణి తలుచుకోకూడదనుకుంటూ వాణ్ణే తలుచుకుంటూ, పళ్ళ బిగువున ఆ గోరంతా గీశాను. పాళీ గట్టిగా నొక్కేసరికి గీత లావైంది.

పది రోజులకి నాన్నగారి ఉత్తరం వచ్చింది. టెలిగ్రాం ఇస్తే ఈ స్థితిలో తట్టుకోలేనని ఉత్తరమే రాశారట. తమ్ముడు లేడు. తేదీ చూసి వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. నేను గీత కలిపేనాటికే వాడు పోయి పన్నెండు రోజులు. నా గీతవల్ల పోలేదని ముందు ఊపిరి పీల్చుకున్నాను, ఆ తరువాతే ఏడ్చాను. అందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతూనే ఉన్నాను.

ఇప్పుడు ఎక్కడ ఏం జరిగినా క్షణంలో తెలిసిపోతుంది, అరగంట మెసేజ్ రాకపోతే మా అమ్మాయి కంగారు పడిపోతుంది. మన రోజుల్లో ఉత్తరాల ఆలస్యాన్ని తిట్టుకోనివాళ్ళం ఎవరం? నేనూ తిట్టుకున్నాను. కానీ వాడు పోయాక కూడా ఇరవై రెండు రోజులు నేను వాడి కోసం భయపడ్డాను. భయపడినన్నాళ్ళూ నాకు తమ్ముడు ఉన్నాడు.