ఎలిజబెత్ పేరులోని సన్నగీతలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఎండాకాలం. గుంతకల్లులో రైల్వే గేటు దాటాక మా రాతి పని షెడ్డు ఉంది. శిలాఫలకాలు, ఇళ్ళ పేరు పలకలు, సమాధి రాళ్ళు చెక్కడం మా నాయన నుంచి నాకు వచ్చిన వృత్తి. ఆయన అంతా ఉలితోనే చెక్కేవాడు. నేను కంప్యూటర్‌లో అక్షరాలు పేర్చి, వాటి ఆకారంలో రబ్బరు స్టెన్సిల్ కోసి రాయికి అతికిస్తాను. కోసిన సందుల మీద గాలి ఒత్తిడితో గరుకు పొడి కొడితే రాయి అరిగి అక్షరం పడుతుంది. దీన్ని శాండ్‌బ్లాస్టింగ్ అంటారు.

ఒకరోజు రిటైరైన రైల్వే గార్డు సాల్మన్ గారు, కూతురు సునీతతో వచ్చారు. ఆయన భార్య ఎలిజబెత్ గారు అంతకుముందు చలికాలంలో చనిపోయారు. రైల్వే కాలనీ పిల్లలకు ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ నేర్పిన టీచరమ్మ. సమాధి మీద ఆమె పేరు ఇంగ్లిష్‌లో, కింద తెలుగులో ఒక బైబిల్ వాక్యం, ఆ కింద భర్తా పిల్లల పేర్లు కావాలన్నారు. సాల్మన్ గారు నా కంప్యూటర్‌లోని ఫాంట్లన్నీ ఓపికగా చూసి ఒకదాని దగ్గర ఆగారు.

పెళ్ళిపత్రికల మీద, నగల దుకాణాల ప్రకటనల్లో కనిపించే రకం అది. నిలువు గీతలు బాగా లావు, అడ్డగీతలు వెంట్రుకంత సన్నం. అక్షరాల కొనల్లో సెరిఫ్‌లనే చిన్న గీతలుంటాయి, అవీ అంతే సన్నం. ఆ తేడాలోనే దాని అందమంతా ఉంది. నున్నటి కాగితం మీద పెద్దగా వేస్తే చూపు తిప్పుకోలేం. చిన్నదిగా వేసినా, దూరం నుంచి చూసినా సన్నగీతలు కంటికి ఆనవు. రాతికి అది పనికిరాదని చెప్పాను.

“అదంతా నాకు తెలీదప్పా. ఆమె కట్ నిబ్బు పెన్నుతో ఇట్లే రాస్తాండె. కిందికి దిగే గీత లావు, పక్కకు పోయే గీత సన్నం. ఇదే వెయ్యి” అన్నారాయన.

“ఎండకు ఏం కనపడతాది నాయనా? లావు అక్షరాలు ఏపిచ్చుకుందాం” అంది సునీత.

ఆయన ఒప్పుకోలేదు. సరేనని ఒక బూడిదరంగు రాతి ముక్క మీద నమూనా తీశాను. మన చుట్టుపక్కల దొరికే ఆ రాయి కణం మొరటు. పొడి ఒత్తిడికి సన్నటి సందుల దగ్గర స్టెన్సిల్ లేచిపోయింది, అంచులు పెచ్చులూడాయి. ఇంగ్లిష్ ‘హెచ్’ మధ్యగీత పోయి రెండు గుంజలు మిగిలాయి. ‘ఈ’, ‘ఎల్’, ‘ఐ’ మూడూ ఒకే రకం గుంజలయ్యాయి. సాల్మన్ గారు దాని మీద చాలాసేపు వేలు పెట్టి తడిమారు.

“ఇది ఆమె పేరు కాదప్పా” అన్నారు చివరికి.

ఆయన కళ్ళు చూశాక ఫాంటు మార్చమనడానికి నోరు రాలేదు. దారి ఒకటుందని చెప్పాను. సన్నకణం నల్లరాయి తీసుకోవాలి. పలక నిండా పేరు పెద్దగా రావాలి. లావు గీతలు మెషీనుతో తీసి, సన్నగీతలు ఉలితో నేను చేత్తో చెక్కాలి. అలా చేస్తే చిన్న వాక్యం ఒక్కదానికే చోటు మిగులుతుంది. మిగతా పేర్లు పట్టవు.

“తీసెయ్యి” అన్నారాయన వెంటనే.

సునీత ముఖం ఎర్రబడింది. “నా పేరు తీసేస్తావా నాయనా? అమ్మ మంచాన పడినప్పట్నుంచీ పక్కన ఉండింది ఎవరు? అన్న వచ్చినాడా, నువ్వు అమ్మను ఎత్తి కూర్చోబెట్టినావా?”

“నాది గూడా తీసేయమంటాండా కదమ్మా.”

“నీది తీసుకో. నాది ఎందుకు తీస్తావు?” అని ఆమె బయటికి వెళ్ళిపోయింది. ఆయన కుర్చీలో అలాగే కూర్చుండిపోయారు. ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది?

కొన్నాళ్ళకు ఇద్దరినీ మళ్ళీ పిలిచాను. రెండు పలకల నమూనాలూ అసలు కొలతలో కాగితం మీద ప్రింటు తీసి గోడకు అంటించాను. ఒకదాంట్లో అందరి పేర్లూ ఉన్నాయి. రెండోదాంట్లో ఎలిజబెత్ పేరు, కింద వాక్యం మాత్రమే. సమాధుల మధ్య బాట ఎంత దూరంలో ఉంటుందో అంత దూరంలో నిలబడి చూడమన్నాను.

సునీత మొదటిదాంట్లో తన పేరునే వెతుక్కుంది. ఆ తర్వాత తల్లి పేరు చూసింది. పేర్లన్నీ పట్టడానికి అది చిన్నదైపోయి, అంత దూరానికి సన్నగీతలు కరిగిపోయాయి. రెండో కాగితం వైపు తిరిగి అక్షరం అక్షరం పెదవులతో చదివింది.

“అమ్మ బోర్డు మీద రాసినట్లే ఉండాది” అంది నాతో మెల్లగా. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “జనం చదవాల్సింది అమ్మ పేరే, అన్నా. మా పేర్లు మాకు తెలుసు కదా. కానీ కింద ఏ వాక్యం వెయ్యాలో నేనే చెప్తా. అది మాత్రం లావు అక్షరాల్లో వెయ్యి.”

సాల్మన్ గారు కూతురి భుజం మీద చెయ్యి వేశారు.

చెక్కే ముందు సన్నగీతలను కంప్యూటర్‌లో రవ్వంత లావు చేశాను. ఉలి వాలుగా పట్టి, అడుగున నీడ నిలిచి గీత కనపడేలా, లోపలికి పోయేకొద్దీ ఇరుకుగా తవ్వాను. రాయి పాతిన ఉదయం సాల్మన్ గారు ఆ తేడా కనిపెట్టారు.

“ఏదో మార్చినావు కదప్పా?”

“కొంచెం సార్. లేకపోతే నిలవవు.”

“మంచిపని చేసినావు. చివరి బెంచీ పిల్లోళ్ళ కోసం ఆమె గూడా సుద్దముక్క ఒత్తి రాస్తాండె” అన్నారు.

అందమైన అక్షరానికి దాని చుట్టూ చోటు కావాలని ఆ పనితో నాకు తెలిసింది. ఆ చోటు కోసం ఎవరో ఒకరు పక్కకు జరగాలి. అది కాగితం మీద పేరు కొట్టేసినంత తేలిక కాదు. ఇప్పుడు ఎవరైనా పలక పట్టనన్ని మాటలు రాసుకొస్తే, ఏ ఫాంటు కావాలని ముందుగా అడగను. “వీటిలో ఒక్క మాటే మిగలాలంటే ఏది ఉంచుతారు?” అంటాను. చాలామంది వెంటనే చెప్పలేరు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రమ్మంటాను.