లచ్చవ్వ గడప దాకా

ఈ పొద్దున కోరుట్లలో ముసురు పట్టింది. నిన్న గడపకు పూసిన ఎర్రమట్టి జాజు తడిసి ఇల్లంతా పచ్చిమట్టి వాసన. అంతలో ఫోనుకు కబురొచ్చింది: పై డ్యాంలో నీళ్ళు ఇన్ని అడుగులకు చేరాయి, గోదావరి ఒడ్డు పల్లెలు జాగ్రత్త. "అడుగులు సరే, ఎవరి గడప?" అని పైకే అనేశాను. మా కోడలు వింతగా చూసింది. ఆ మాట నాది కాదు, మా రాజమల్లు సారుది.

ఆయన వరద కొలతల ఆఫీసులో ఇంజనీరు. అక్కడే పనిచేస్తూ మా ఆయన చనిపోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. ఇద్దరు పిల్లల తల్లిని, ముప్పై ఏళ్ళకు గుమాస్తానయ్యాను. వాన లెక్కలు రాసి పంపడమే కదా అనుకున్నాను. అసలు తంటా వేరే ఉంది. కరెంటు తీయాలంటే డ్యాం నిండుగా ఉండాలి. వరదను ఆపాలంటే అదే డ్యాంలో ఖాళీ ఉండాలి. పైన ఇంకో రాష్ట్రం, వాళ్ళు గేట్లెత్తే సంగతి మనకు ఆఖరున తెలిసేది. ముందుగా ఎంత నీరు వదలాలో సలహా రాయడం సారు పని.

చేరిన వారానికే నన్ను ఇబ్రహీంపట్నం దిక్కు గోదావరి ఒడ్డు పల్లెలకు తీసుకుపోయారు. నక్సలైట్ల రోజులు. సర్కారు జీపులో వెళ్తే అన్నలకు అనుమానం, కాలినడకన తిరిగితే పోలీసులకు అనుమానం. మేము బస్సు దిగి నడిచేవాళ్ళం. ఆయన ప్రతి గడప ఎత్తూ కొలిస్తే నేను ఇంటివాళ్ళ పేరు రాసేదాన్ని. అన్నిటికన్నా పల్లాన ఉన్నది లచ్చవ్వ ఇల్లు.

"ఏం కొలుస్తున్నవ్ సారూ, నా ఇల్లు కొంటవా ఏంది?" అని నవ్విందామె.

"గోదారిని నీ గడప కాడ ఆపాలె అవ్వా, గందుకు," అన్నారు సారు.

ఆ ఏడు సారు సలహా మీద డ్యాంలో నీళ్ళు ముందుగానే తగ్గించారు. వాన మొహం చాటేసింది. ఎండాకాలం కరెంటు కోతలు పెరిగాయి. సిరిసిల్లలో సారు తమ్ముడు సత్తయ్యకు నాలుగు సాంచాలుండేవి, మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. అందులో రెండు అమ్ముకున్నాడు. పై అధికారులు సారును తిట్టిన తిట్లు నేను చెవులారా విన్నాను. ఆయన ఉలకలేదు, నాకే ఒళ్ళు మండిపోయింది.

మరుసటి వానాకాలం పోలీసులు బస్సు ఆపి మా సంచీ సోదా చేశారు. నోటుబుక్కు నిండా పల్లెటూరి పేర్లు, పక్కన అంకెలు. అదీ నా చేతిరాత!

"ఎవరయ్యా వీళ్ళంత? అన్నలకు అన్నం పెట్టేటోళ్ళా?" అన్నాడు ఎస్సై.

"నీళ్ళచ్చే ఇండ్లు సార్."

"నీళ్ళకు పేర్లెందుకు?"

"పేర్లు లేకుంటె గవి ఉత్త అడుగులే సార్. అడుగుల మీద ఎవ్వలికి దయ రాదు. రాయించింది నేను, ఆమెను ఏమడుగకుండ్రి."

సాయంత్రం దాకా కూర్చోబెట్టి మమ్మల్ని వదిలారు. బుక్కు మాత్రం ఉంచుకున్నారు.

వారం తిరక్కుండానే పైన మబ్బు పట్టింది. డ్యాం నిండుగా ఉంది. సత్తయ్య ఆఫీసుకే వచ్చాడు.

"అన్నా, మల్ల గదే పని జేస్తవా? పోయినేడు ఏమాయె? ఉన్న రెండు సాంచాలు గూడ బందైతె మా పోరలకు ఏం పెట్టాలె?"

సారు గ్లాసుతో నీళ్ళిచ్చారు. "వానొస్తదో రాదో నాకూ తెల్వది తమ్మీ. సాంచాలు పోతె నన్ను తిట్టెటందుకు నువ్వుంటవ్. ఒడ్డు మీదోళ్ళు పోతె తిట్టెటందుకు గూడ ఎవ్వలుండరు."

సత్తయ్య గ్లాసు ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

ఫోనులో డ్యాం అధికారి ఒక్క అడుగు నీళ్ళైనా వదలకుండా ఉంచుదామన్నారు. సారు కళ్ళు మూసుకున్నారు. "ఒక్క అడుగంటె లచ్చవ్వ సార్. నర్సయ్య. బాలింత రాజవ్వ. పక్కన కండ్లు కనబడని ఎంకటి..." బుక్కు లేకుండానే ఇరవై గడపలు ఎత్తులతో సహా చెప్పారు. చివరికి ఆ అధికారి, "మీ బాధ్యత మీద రాసివ్వండి," అన్నారు. సారు రాసిచ్చారు. మొదట కరెంటు తీసే మిషన్ల గుండా, తర్వాత గేట్ల గుండా మూడు రోజులు నీళ్ళు వదిలారు. నాలుగో రోజు వరద వచ్చింది. సారూ నేనూ ఆ పల్లెకు వెళ్ళాం.

నీళ్ళు లచ్చవ్వ గడప జాజును తడిపి అక్కడే ఆగాయి. "సారూ, అచ్చింది గని లోపలికి రాలే!" అని ఆమె అరుస్తుంటే నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను.

నెలకు బుక్కు తిరిగొచ్చింది. ప్రతి పేరు పక్కనా కానిస్టేబులు రాత: విచారించితిని. నేను మండిపడితే సారు నవ్వారు. "పోనీయమ్మా, మనం గాక ఇంకొగలు గూడ గన్ని గడపలు తొక్కిండ్రు." పేజీలు తిప్పుతుంటే చివరన సారు చేతిరాత కనబడింది: "సిరిసిల్ల. సత్తయ్య. రెండు సాంచాలు. నా మాట మీద పోయినవి."

సారు ఇప్పుడు లేరు. బుక్కు నా దగ్గరే ఉంది. ఇలాంటి కబురొచ్చినప్పుడల్లా ముందు లచ్చవ్వ పేజీ తీస్తాను, ఆ వెంటనే చివరి పేజీ. ఒకటి చూసి రెండోది చూడకుండా మూస్తే సారుకు కోపం వస్తుంది.