అక్కకు మాత్రమే యాదున్న అమ్మ

తాండూరు నుంచి అక్క కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అన్న ఒక్క మాట తర్వాత ఏడుపే వినపడింది. టీ పెట్టి అందరికీ ఇచ్చి, కుర్చీలో కూర్చుని, అట్లాగే ఒరిగిపోయిందట. ఎవరి టీలో చక్కెర వేయకూడదో ఆ పొద్దున కూడా ఆమె మరిచిపోలేదట. వికారాబాద్ నుంచి రైల్లో వెళ్తున్నంతసేపూ నాకు కన్నీళ్లు రాలేదు. తెలివంతా చెక్కుచెదరకుండా వెంట తీసుకుపోయింది, అదృష్టవంతురాలు అనుకున్నాను. పోయిన మనిషి మీద అసూయ ఏమిటని మీరు అడగవచ్చు. అక్క విషయంలో నాకు ఎప్పుడూ ముందు కలిగేది అదే.

అక్క నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. తాండూరు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరయింది. ఆమెతో బజారుకు పోతే కూరగాయలు కొనడానికి పూట పట్టేది. నెరిసిన జుట్టుతో పాత విద్యార్థులెవరో ఎదురై నమస్తే పెట్టేవారు. అక్క వాళ్లను పేరు పెట్టి పలకరించి, మీ తమ్ముడు ఇంకా కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీలోనే చేస్తున్నాడా అని అడిగేది. నేను సంచి పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. వికారాబాద్‌లో ముప్ఫై ఏళ్లు ఆఫీసు ఉద్యోగం చేసిన నన్ను అట్లా పలకరించినవాళ్లు లేరు.

అసలు కుళ్లు మాత్రం అమ్మ గురించి. అమ్మ పోయేనాటికి నాకు మూడేళ్లు, అక్కకు పన్నెండు. ఆమెకు అమ్మ ఉంది. నాకు గోడ మీద ఫోటో ఉంది.

అరవై దాటాక నాకు మతిమరుపు మొదలైంది. మొదట పాలు పొంగాయి, తర్వాత పేర్లు పోయాయి. ఒకసారి అక్కను చూడటానికని తాండూరులో దిగి, ఆటో ఎక్కి, అక్కవాళ్లు ఎప్పుడో అమ్మేసిన పాత ఇంటికి పోయి తలుపు కొట్టాను. ఆ ఇంటివాళ్లు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అక్కకు ఫోన్ చేశారు. అక్క వచ్చింది. నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించింది. నాకన్నా ముందే నడిచింది, ఆ వయసులో.

డాక్టరు పరీక్షలు చేయించి, షుగరు హద్దులో లేదన్నాడు, జ్ఞాపకశక్తి తగ్గుతోందన్నాడు. మెదడుకు చక్కెరే బలమని ఎక్కడో విన్నాను కాబట్టి నేను చాటుగా పల్లీపట్టీలు తినేదాన్ని. మా ఇంటికి వచ్చినప్పుడు అక్క పట్టుకుంది.

"బెల్లం తింటే యాదికొస్తయా?" అంది. "మెదడు జరంత ఉంటది గని దానికి తిండి మస్తు కావాలె. మనం పండుకున్నా అది తింటనే ఉంటది. వయసు మీద పడ్డంక రక్తంల చక్కెర ఉన్నా, దాన్ని వాడుకునే తాకత్ తగ్గుతది. ఇంట్ల బియ్యం ఉండి పొయ్యి మండకపోతే అన్నం ఉడుకుతదా?"

మరి పొయ్యి ఎట్లా మండుతుందని అడిగాను. పూర్తిగా ఎవరికీ తెలియదని, కారణం అదొక్కటే కూడా కాదని చెప్పింది. నడవాలి, షుగరు అదుపులో పెట్టుకోవాలి, కంటినిండా నిద్రపోవాలి, నలుగురితో మాట్లాడాలి అంది. బడిలో పిల్లకు చెప్పినట్టు చెప్పింది. నాకు ఒళ్లు మండింది.

"నీకేమే, అన్నీ యాదున్నయి. అమ్మ గూడ నీకే యాదుంది. నాకు ఉన్నయి గూడ పోతున్నయి" అన్నాను.

అక్క మెల్లగా అంది: "అమ్మ పానం పోయిన దినం నువ్వు వాకిట్ల ఆడుకుంటున్నవు. నేను లోపల అమ్మ కాళ్లు పట్టుకోని ఉన్న. అది ఇప్పటికీ కండ్లల్లకెళ్లి పోతలేదు. నీకేం యాది లేదని నిన్ను చూసి కుళ్లుకుంట ఇన్నేండ్లు బతికిన."

నేను కోల్పోయాననుకున్నదాన్ని, నా అదృష్టమని ఒక మనిషి అరవై ఏళ్లుగా చూస్తూ ఉంది.

ఆనాటి నుంచి సాయంత్రం పూట ఫోన్ చేసి అమ్మ ముచ్చట ఒకటి చెప్పేది. అమ్మకు కోపం వస్తే నోట కన్నడం వచ్చేదట. వంకాయ కూరలో చింతపండు ఎక్కువ వేసేదట. చెప్పిందే మళ్లీ అడిగితే మళ్లీ చెప్పేది, మొదటిసారి చెప్తున్నట్టే. చావు ఒక్కటి మాత్రం ఇంకెప్పుడూ చెప్పలేదు. అది తన దగ్గరే ఉంచుకుంది.

పోయే ముందురోజు సాయంత్రం కాగ్నా వాగు సంగతి చెప్పింది. చుట్టాల పెండ్లికని పోతూ అమ్మ నన్ను భుజాన వేసుకుని నీళ్లలో దిగిందట. అది నాకు యాదుండే వీలు లేదు. అయినా ఇప్పుడు కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. అమ్మ భుజం మీద నా గడ్డం ఆని ఉంది. అమ్మ ముఖం కనిపించదు, అటు తిరిగి ఉంది. వెనక మాత్రం పన్నెండేళ్ల పిల్ల, అమ్మ చెప్పులు రెండూ గుండెకు ఆనించుకుని, మోకాళ్ల దాకా తడిసిన పావడాతో, నావైపే చూస్తూ నీళ్లలో నడిచి వస్తోంది.