వంకాయ మేడ

గుంటూరులో మేముండే ఫ్లాటుకు ఈ వారం రంగులు వేస్తున్నారు. కొత్త రంగు వాసన చాలామందికి తలనొప్పి. నాకు మాత్రం ఆ వాసన వెనకే కళ్ళంలో ఆరబోసిన మిరపకాయల ఘాటూ, గోడలకు కప్పిన తడి గోనెపట్టాల వాసనా వచ్చి, నన్ను తీసుకెళ్ళి మా ఊరి తారురోడ్డు పక్కన నిలబెడతాయి.

మా ఊరు అద్దంకి వెళ్ళే దారిలో ఉంటుంది. రెండువేల సంవత్సరం దాటాక, మిరప బాగా కలిసొచ్చిన ఒక ఏడు, నాన్న పాత పెంకుటింట్లో మేముండడానికి వెనక వంటిల్లు మాత్రం ఉంచి, మిగతాది తీసేసి అదే స్థలంలో, రోడ్డు మీదికే మేడ మొదలుపెట్టారు. అప్పట్లో మేడ కట్టేవాళ్ళ ధ్యాసంతా ఇంటి ముందుభాగం మీదే ఉండేది. ‘ఎలివేషన్’ అనే మాట మా ఊరికి కొత్తగా వచ్చింది. ఆదివారాలు నాన్న నన్ను బండి మీద ముందు కూర్చోబెట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళలో కొత్త ఇళ్ళు ఎక్కడ లేచాయంటే అక్కడికి తిప్పేవారు. నడుము దగ్గర ఉబ్బిన గుండ్రటి స్తంభాలు, బాల్కనీ మీద కమానులు, పిట్టగోడ మీద సిమెంటు చిలకలు, తామరమొగ్గలాంటి నీళ్ళ ట్యాంకులు, అన్నీ రోడ్డు మీంచే చూసి, ఇంటికొచ్చి మేస్త్రీకి చేతులతో గాల్లో గీసి చెప్పేవారు. అలా ఒక ఊరి కమాను, ఇంకో ఊరి స్తంభాలు, ఒంగోల్లో చూసిన పిట్టగోడ మా ఇంట్లో చుట్టాల్లా కలుసుకున్నాయి.

పిల్లలమైన మాకు అదొక పండగ. గుండ్లకమ్మ ఇసుక గుట్టలో తెల్లటి చిన్న గవ్వలు ఏరుకునేవాళ్ళం, గుజ్జనగూళ్ళు వండుకునేవాళ్ళం, పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని గోడల కంటే ఎక్కువగా ఒకళ్ళనొకళ్ళం తడుపుకునేవాళ్ళం. ఇంకా తలుపులు పెట్టని హాల్లో ఆ ఏటి పత్తి పోస్తే, మెట్ల మీంచి అందులోకి దూకి, జుట్టంతా తెల్లబడి ముసలివాళ్ళలా బయటికొచ్చేవాళ్ళం. అప్పుడు రత్తమ్మత్త మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, తలలోంచి పత్తి ఏరుతూ, వేడివేడి గారె తలా ఒకటి చేతిలో పెట్టేది.

రత్తమ్మత్త నాన్నకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మామయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. మా నాయనమ్మ పోయాక నాన్నను పెంచింది ఆవిడే. వంటిల్లు, పశువులు, కళ్ళంలో కూలీలు అన్నీ ఆవిడ మాట మీదే నడిచేవి. కానీ ఇంట్లో ఏదైనా శుభకార్యం అనగానే, ఎవరూ చెప్పకుండానే, బూడిదరంగు చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఉగాది ముందు రంగుల కార్డు వచ్చింది. ఊళ్ళో పెద్దరికమంతా తనదే అనుకునే చిన్నతాత, అంటే నాన్నకు బాబాయి, మీగడరంగుకు చాక్లెట్ అంచు అన్నాడు. అన్నయ్య ఆకుపచ్చ అన్నాడు. నాన్న అందరి మాటా విని, కార్డు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళారు.

“అక్కా, ఏ రంగేద్దాం?”

“నన్నడుగుతావేందిరా? మీ ఆవిడనడుగు.”

“మీరే చెప్పండి వదినా,” అంది అమ్మ.

అత్త చేతులు కొంగుకు తుడుచుకుని, కార్డును కిటికీ వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. చివరికి వంగపువ్వు రంగు మీద వేలు పెట్టి, “చిన్నప్పుడు నాకిది భలే ఇష్టంగా ఉండేది,” అంది సిగ్గుపడుతూ.

గోడ మీదికొచ్చేసరికి ఆ రంగు కార్డులో ఉన్నంత నెమ్మదిగా లేదు. ఒకవైపు ఎర్రటి కళ్ళాలు, మరోవైపు ఎండిన పత్తిచేలు, మధ్యలో మా ఇల్లు అరమైలు దూరానికి కనపడేది. మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళు ఆగి, “ఏందమ్మో, ఇంటికి వంకాయ పులిమారు!” అని పగలబడి నవ్వారు. చిన్నతాత రోడ్డు మీద నిలబడి, పెరట్లో గిన్నెలు తోముతున్న అత్తకు వినపడేటట్టే అన్నాడు: “బొట్టులేని మనిషిని రంగడిగితే ఇట్టాగే ఏడుస్తది.”

అత్త ఆ పూట అన్నం తినలేదు. అమ్మ బతిమాలినా కంచం ముందుకు రాలేదు. తెల్లారి నాన్న దగ్గరికొచ్చి, “తెల్లసున్నం కొట్టించరా. దాన్ని చూస్తుంటే నాకే సిగ్గుగా ఉంది,” అంది.

నాన్న రోడ్డు దాటి అవతలకు వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇంటిని పైనుంచి కిందికి చూశారు. చిన్నతాత కూడా తన గుమ్మంలోంచి చూస్తున్నాడు. అప్పుడు నాన్న, వీధంతా వినపడేటట్టు, రంగులేసే అతణ్ణి కేకేశారు.

“పల్చగా ఉందయ్యా. ఇంకో పూత ఎయ్యి!”

అత్త గబగబా లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళితే, పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది. “పొగమ్మా,” అంది నన్ను చూసి. పొయ్యి వెలిగించనే లేదు.

గృహప్రవేశం నాడు ఆవిడ అలవాటు చొప్పున పెరట్లోకి నడిచింది. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని, “మీరు వచ్చిందాకా నేను పాలు పొయ్యి మీద పెట్టను వదినా,” అంది. అత్త వచ్చి అమ్మ వెనకే నిలబడింది. పాలు పొంగుతుంటే అందరికంటే ముందు “పొంగినయ్యే!” అని అరిచింది ఆవిడే.

ఆ తర్వాత బస్సు కండక్టర్లు మా స్టాపుకు పేరు పెట్టేశారు. ఒకసారి అద్దంకిలో సామాను కొనుక్కుని నేనూ అత్తా వస్తుంటే, “వంకాయ మేడ! దిగేవాళ్ళు ముందుకు రండి!” అని కేక వినపడింది. అత్త బిత్తరపోయింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేటట్టు నవ్వింది. “దిగవే, మనిల్లొచ్చింది,” అంటూ నా వీపు తట్టింది. ఏడాది తిరక్కుండా చిన్నతాత కూడా ఫోనులో చుట్టాలకు, “వంకాయ మేడ కాడ దిగండి,” అని దారి చెప్పడం నేను విన్నాను.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. స్తంభాలకు పలకలు తాపించి, కమాను తీయించి, బాల్కనీకి అద్దాలు పెట్టించి అన్నయ్య కిందటేడు ఇంటి ముఖం మార్చాడు. ఇప్పుడది లేతబూడిదరంగులో, పట్నంలో ఇళ్ళలాగే అందంగా ఉంది. సిమెంటు చిలకలు లేవు, పత్తి పోయడానికి ఖాళీ హాలూ లేదు.

పోయిన నెల ఊరెళుతూ బస్సులో అలవాటుగా, “వంకాయ మేడ, ఒకటి,” అన్నాను. కుర్ర కండక్టర్ అర్థంకాక నా ముఖంలోకి చూశాడు. వెనక సీట్లో, కూరగాయల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ, నాకు ముక్కూమొహం తెలియనావిడ, “కొట్టయ్యా టిక్కెట్టు, నేను చూపిస్తాలే. నేనూ ఆడే దిగాల,” అంది.

ఇద్దరం బూడిదరంగు ఇంటి ముందు దిగాం.