తువ్వాల కింద తేలిన చదువు

నా చిన్నప్పుడు మా గల్లీలో ఒక ఆడపిల్ల ఏం చదవాలన్నది తువ్వాల కింద తేలింది. ఈ మాట చెబితే కోతలనుకుంటారు. కోతలు కోయడం మా ఇంటి విద్యే కాబట్టి నమ్మనివాళ్లను నేను తప్పు పట్టను.

మాది చార్మినార్ దగ్గర గౌలిపుర. మా తాతయ్య ఉస్మాన్‌గంజ్ మార్కెట్లో మిరపకాయలకూ చింతపండుకూ దలాలు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ధర కుదర్చడం ఆయన పని. గంజ్‌లో పెద్ద బేరం నోటితో జరిగేది కాదు. దలాలు ముందు ఒకరి చెయ్యి, తర్వాత ఇంకొకరి చెయ్యి తన చేతిలోకి తీసుకుని పైన తువ్వాల కప్పేవాడు. లోపల వేళ్లు నొక్కి ఎవరి ధర వాళ్లు చెప్పేవారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఎవరికీ తెలిసేది కాదు. నోటితో అన్న మాట నలుగురి చెవిన పడుతుంది, పడ్డాక దిగిరావడం పరువు తక్కువ. వేలితో అన్నదాన్ని వేలితోనే వెనక్కి తీసుకోవచ్చు. చివరికి దలాలు తువ్వాల తీసి ఏం కుదిరిందో పైకి చెప్పేవాడు. ఆయన చెప్పిందే మాట. దాన్ని కాదన్న వ్యాపారికి గంజ్‌లో సరుకు పుట్టేది కాదు. అబద్ధం చెప్పిన దలాలు మళ్లీ ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు.

ఆ ఇంట్లో పుట్టినదాన్ని కనుక నేనూ బెల్లం ముక్క కోసం నానమ్మతో కొంగు కింద బేరమాడేదాన్ని. ఆమె ఒక వేలు నొక్కితే నేను మూడు నొక్కి, రెండుకు దించి, గెలిచానని గల్లీ అంతా చాటుకునేదాన్ని. నాకు ఇవ్వాల్సిన రెండు ముక్కలూ ఆమె ముందే కొట్టి గూట్లో పెట్టేదని పెళ్లయ్యాక గానీ తెలియలేదు.

మా పక్కిల్లు పాలవాళ్లది. ముందు గల్లీవైపు బర్రెల కొట్టం, వెనక రెండు గదులు. పక్కింటి అక్క వాళ్ల పెద్దకూతురు. మా గల్లీలో ఇంటర్ పాసైన మొదటి ఆడపిల్ల ఆమే. సైన్సు చదివింది. డాక్టరీ సీటుకు సరిపడా మార్కులొచ్చాయని కాలేజీలోనే చెప్పారట. ఆమెకు ఒక్కడే తమ్ముడు, నాకంటే చిన్నవాడు. మా ఇంటికి పాలచెంబు తెచ్చేది వాడే. దారిలో నురుగంతా తాగేసి, పైపెదవి మీద తెల్లటి గీతతోనే తాగలేదని ఒట్టు పెట్టేవాడు.

ఆ ఏడు వానలతో పాటు గత్తర వచ్చింది. కలరాను మావైపు అట్లాగే అంటారు. పొద్దున నురుగు తాగిన పిల్లవాడు సాయంత్రానికి లేడు. టాంగాలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరు నాడి చూసి, ఆలస్యం చేశారన్నాడు. 

దినాల నాడు బంధువులంతా కూర్చున్నచోట అక్క వాళ్ల నాన్న లేచి నిలబడ్డాడు. ఆయన్ని మేమంతా పక్కింటి బాపు అనేవాళ్లం. బర్రెలతో తప్ప ఎవరితోనూ పది మాటలు మాట్లాడని మనిషి.

"నా కొడుకు సూదిమందు అందక పోయిండు. నా బిడ్డ డాక్టర్ అయితది. గా సూది గామె చేతుల ఉంటది. గిది నేను నా కొడుక్కిస్తున్న మాట. గిది గాకుంటె ఇంక సదువే లేదు" అన్నాడు.

అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అక్క మాత్రం తల వంచుకుని గోడకు ఆనుకుని ఉండిపోయింది.

ఆమె మనసు అప్పటికే వేరే దారి పట్టింది. గత్తర ముదిరినప్పుడు మున్సిపాలిటీ వాళ్లు సూదులు వేయడానికి, బావుల్లో మందు కలపడానికి వచ్చారు. పరదా ఇళ్లలో ఆడవాళ్లు మగవాళ్లకు తలుపు తీసేవారు కాదు. తమ్ముడు పోయి వారం తిరగకముందే అక్క వాళ్లకంటే ముందు నడిచి, గడప దగ్గర నిలబడి "ఖాలా, మై హూఁ, దర్వాజా ఖోలో" అని, పిన్నీ నేనే తలుపు తియ్యమని, ఉర్దూలో పిలిచేది. ఆ గొంతు విని తలుపులు తెరుచుకునేవి. అట్లా ఇల్లిల్లూ తిరిగినప్పుడే ఆమె ఒకటి గమనించింది. మా గల్లీకి మంచినీళ్లు తెచ్చే గొట్టమూ, మురికి పోయే మోరీ ఒకే కాలువలో పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఆ మోరీ పొంగి గొట్టం అతుకుల్లోకి మురికినీళ్లు ఎక్కువగా చేరేది వాళ్ల కొట్టం కడిగినప్పుడే.

మున్సిపాలిటీ వాళ్లతో వచ్చిన ఒక చదువుకున్నామె అక్కకు యూనివర్సిటీలో ఉన్న ఒక దారి చెప్పింది. బి.ఏ.లో సమాజశాస్త్రం, ప్రజా పరిపాలన తీసుకుంటే, ఆపైన బస్తీల్లో ఆరోగ్యం, నీళ్లు, జనం బాగోగులు చూసే చదువు చదవొచ్చట. అక్క ఈ సంగతి ముందుగా చెప్పింది నాకే. నాకేదో అర్థమవుతుందని కాదు, అడ్డం రానని.

"తమ్ముణ్ణి తీస్కపోయిన డాక్టరు మంచోడే. కానీ మేం పోయేటాళ్లకే అంతా అయిపోయింది. రేపు నేను గూడ గట్లనే కుర్చీల కూసోని, లేటయిందమ్మా అని చెప్పాల్నా?" అంది.

గల్లీలో ఈ మాట పొక్కగానే నవ్వులపాలైంది. చేతికొచ్చిన డాక్టరీ వదిలి మోరీల చదువు చదువుతుందట అన్నారు. మా నాన్న దుకాణంలో కూర్చుని లెక్క వేసి, డాక్టరు అవసరం ఎప్పటికీ తీరదు, మోరీ బాగైతే ఈమె పని తీరిపోతుంది, ఇది నష్టాల బేరం అని తేల్చాడు. నేను ఆ మాటనే తెలివిగా పట్టుకుపోయి అక్కకు అప్పజెప్పాను. "మోరీ బాగయినంక నాకు పని లేకుంటె మంచిదే గదనే" అంది. 

బాపు ఆ మాటే ఎత్తనివ్వలేదు. ఆయనకు కోపం లేదు. నలుగురిలో కొడుకు పేరు మీద మాట ఇచ్చాడు, అదొక్కటే. ఒకే పిల్లవాడి కోసం ఇద్దరూ ఏడుస్తున్నారు, ఒకరి ఏడుపు సూదివైపు, ఒకరిది మోరీవైపు. ఎవరిది తప్పనేది అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

ఒక రోజు అక్క మా తాతయ్య దగ్గరకు వచ్చింది. "తాతా, బాపు నలుగురిల అన్నడు. ఇగ నోటితోని ఎనుకకు రాడు. నువ్వు తువ్వాల ఎయ్యి" అంది.

తాతయ్య పాన్‌దాన్ పెట్టె మూసి పక్కన పెట్టాడు. "మిరపకాయలకేస్తరు గని, మనుషులకేస్తరా బిడ్డా?"

"మిరపకాయలైతే గంజ్‌కే పోదును."

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు గద్దె మీద, అంటే అరుగు మీద, తువ్వాల వేశారు. వద్దన్నా గల్లీ సగం చేరింది. బాపు వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు, బహుశా తాతయ్య పిలిస్తే రాకపోవడం బాగుండదని. తాతయ్య అందరూ వినేట్టు షరతు చెప్పాడు. చూపుడు వేలు నొక్కితే డాక్టరీ, చిటికెన వేలు నొక్కితే పిల్ల అడిగిన చదువు, ఇద్దరూ ఒకే వేలు నొక్కితే అదే ఖాయం, లేకపోతే బాపు నలుగురిలో అన్న మాటే నిలుస్తుంది. ముందు అక్క చెయ్యి పట్టుకున్నాడు, ఆమెది క్షణంలో అయిపోయింది. తర్వాత బాపు చెయ్యి తీసుకున్నాడు.

తువ్వాల కదల్లేదు. గంజ్‌లో ఎంత పెద్ద బేరమైనా పాన్ నమిలేలోపు తేలిపోయేది. ఇక్కడ తాతయ్య నోట్లో పాన్ అరిగిపోయింది. బాపు పక్కనున్న తన కొట్టం వైపే చూస్తున్నాడు.  నేను ఆయన మోచేతిని బట్టి ఏ వేలో కనిపెడదామని వంగి చూసి, నానమ్మ చేత మొట్టికాయ తిన్నాను.

తాతయ్య తువ్వాల తీశాడు. "పిల్ల అడిగిందే ఖాయం. బాపు ఒప్పుకున్నడు" అన్నాడు.

బాపు తాతయ్య ముఖంలోకి ఒకసారి చూశాడు. జనమంతా ఆయన నోటి మాట కోసం కనిపెట్టుకుని ఉన్నారు. ఆయన లేచి, పంచె దులుపుకుని, కొట్టంలోకి వెళ్లిపోయాడు. కాదనలేదు. మా తాతయ్యను మించిన దలాలు నైజాం మొత్తంలో లేడని నేను ఆ వారమంతా బడిలో చెప్పుకున్నాను.

అక్క యూనివర్సిటీలో చేరింది. బాపు ఏ ఖర్చుకూ వెనుకాడలేదు. అయితే ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా చెప్పాల్సి వస్తే బర్రెకు చెప్పేవాడు. "లచ్చీ, గామె తిన్నదా అడుగు." "లచ్చీ, వాన పడేటట్టుంది, గొడుగు తీస్కపొమ్మను." అక్క కూడా పుస్తకాలు చంకన పెట్టుకుని లచ్చికే జవాబు చెప్పి బయల్దేరేది. మొదట్లో మేం పిల్లలం గోడ మీద కూర్చుని నవ్వుకునేవాళ్లం. కొన్నాళ్లకు నవ్వు రాలేదు.

తాతయ్య గంజ్‌కు పోవడం మానేశాడు. మోకాళ్ల నొప్పులన్నాడు. ఎవరైనా ఇంటికొచ్చి బతిమాలినా, ధర నోటితో చెప్పేవాడు గానీ చెయ్యి కలిపేవాడు కాదు.

అక్క చదువుకుంటూనే గల్లీ ఆడవాళ్లను వెంటబెట్టుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు తిరిగింది. గొట్టం వేరు చేయమని అడిగితే చూస్తామన్నారు. మళ్లీ పోతే, చూస్తున్నామన్నారు. చదువు ఇంకా పూర్తికాకముందే మళ్లీ వానలొచ్చాయి, మళ్లీ గత్తర వచ్చింది. గొట్టం అక్కడే ఉంది, మోరీ అక్కడే ఉంది. ఈసారి ఎదురింటి జరీపనివాళ్ల పాపకు తగిలింది. అక్క ఆ పాపను ఒళ్లో పెట్టుకుని రిక్షాలో దవాఖానకు బయల్దేరింది. చార్మినార్ దాటకముందే రిక్షాను వెనక్కి తిప్పించింది.

పాప వాళ్ల నానమ్మ బిడ్డను అందుకుంటూ, "నువ్వు డాక్టరీ సదివుంటె గా సూదన్న ఏస్తుంటివి గద బిడ్డా" అంది. తిట్టలేదు, నిష్ఠూరమాడలేదు. దుఃఖంలో ఉన్న ముసలామె తోచింది అంది. ఆ మాటకు బాపు కొట్టం గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన లచ్చితో కూడా ఏమీ అనలేదు.

అక్క మా ఇంటికొచ్చి, గద్దె మీదున్న తాతయ్య కాళ్ల దగ్గర కూలబడింది. నేను నీళ్లు తెచ్చి ఇస్తే చెంబు వైపు చూసి పక్కన పెట్టేసింది. ఆ గొట్టం నీళ్లే అవి. తర్వాత అడిగింది.

"తాతా, నిజం చెప్పు. ఆ దినం బాపు ఏ వేలు ఒత్తిండు?"

తాతయ్య అబద్ధమే చెబుతాడని, చెప్పాలని నేననుకున్నాను. చిటికెన వేలు అంటే ఆమెకు కనీసం అదొకటి మిగిలేది. నేనైతే అట్లాగే అనేదాన్ని.

"ఏదీ ఒత్తలే బిడ్డా. నా చెయ్యంత పట్టుకున్నడు. ఇడిసిపెట్టలే, అంతే."

నాకు అప్పుడు అర్థమైంది, ఆయన మోకాళ్లకు ఏ నొప్పీ లేదని.

"మరెందుకు గట్ల చెప్పినవ్?"

"నువ్వడిగినవ్ గద."

 తాతయ్య ఓదార్చడానికి ప్రయత్నించలేదు. ఆయనకు తెలిసిన మాటలన్నీ ధర పెంచడానికో తగ్గించడానికో పనికొచ్చేవి. గద్దె మీద నుంచి దిగి, కింద బండల మీద ఆమె పక్కనే కూర్చున్నాడు. చీకటిపడే వేళకు నానమ్మ దీపం పెట్టేదాకా ఇద్దరూ అట్లాగే ఉన్నారు. మరునాడు అక్క పుస్తకాలు తీసుకుని యూనివర్సిటీకి పోయింది. పట్టుదల అనే మాట దానికి సరిపోదు. వెనక్కి పోవడానికి ఆమెతో మాట్లాడే ఇల్లు లేదు, అందుకే ముందుకు పోయింది.

ఆమె చదువు పూర్తిచేసింది. బహదూర్‌పురా దాకా బస్తీలన్నీ తిరిగే ఉద్యోగం చేసింది. మా గల్లీ గొట్టాన్ని ఎన్నో ఏళ్లకు వేరు చేశారు. అది ఆమె అర్జీల వల్ల జరిగిందో, రోడ్డు ఎట్లాగూ తవ్వారు కాబట్టి జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆమెనే అడిగితే, అప్పటికి చాలా లేటైందిలే అంది. బాపు ముసలితనంలో బర్రెలన్నీ అమ్మేశాడు. మధ్యలో లచ్చి లేకపోయేసరికి ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య ఆ కాస్త మాట కూడా ఆగిపోయింది.

బేరంలో నన్ను మించినది లేదని ఇప్పుడు మా చుట్టుపక్కల పేరుంది. కూరలవాళ్లు నన్ను చూసి గంప మీద గుడ్డ కప్పుతారు. ఆ పేరు నమ్ముకుని తల్లిదండ్రులు పిల్లలను నా దగ్గరకు తీసుకొస్తుంటారు. డాక్టరీ మంచిదా, ప్రజారోగ్యం మంచిదా, ప్రభుత్వ విధానాలేవో చదివితే లాభముంటుందా, అమ్మమ్మా నువ్వే లెక్క వేసి చెప్పు అంటారు. లాభం లెక్క నేను వేయను. పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఒకటే అడుగుతాను: నువ్వు కోరిన చదువు నీకు దొరికితే, మీ ఇంట్లో నీతో ఎవరు మాట్లాడటం మానేస్తారు?

చాలామంది నవ్వేస్తారు. వాళ్లకు బాగానే జరుగుతుందని ధైర్యంగా చెప్పి పంపుతాను. అప్పుడప్పుడూ ఒకతె నవ్వదు, తల వంచుకుంటుంది. అట్లాంటి పిల్లకు ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. మంచం మీద నుంచి దిగి, మోకాళ్లు నిజంగానే నొప్పెడుతున్నా, కింద ఆమె పక్కన కూర్చుంటాను.